ఎలుకకు చోటీయని ఇల్లు

ఎలుక మీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు అను సామెత తెలుగువారందరికి తెలిసినదే. తెలివిమాలిన పనికి దానిని ఉపమానముగా చెప్పుదురు. కాని అట్టి పనిని నిజముగనే ఒక నగరపు అధికారులు చేసిన సందర్భము చరిత్రలో కలదు. 1899 డిసెంబరులో, పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి దీవులలో, హొనొలులు నగరమున ప్లేగు వ్యాధి పొడసూపెను. వ్యాధి కనిపించిన స్థలము చీనావారి పేట. రోగి మరణించిన ఇండ్లను ఒక్కొక్కటిగా తగులబెట్టుటకు అచ్చటి ఆరోగ్య మండలి నిశ్చయించెను. అగ్నిమాపక దళము ప్రక్కన నిలిచియుండగా కొన్ని ఇండ్లు క్రమముగనే కాలినవి. 1900 జనవరి 20వ తేదీన గాలి మారెను. నిప్పురవ్వలు దగ్గరనున్న చర్చి గోపురమును అంటుకొనెను. అటుపిమ్మట మంటలను ఆపుట ఎవరి తరము కాలేదు. సుమారు 38 ఎకరముల పేట బూడిద అయ్యెను. వేలకొలది జనము ఒక్క పూటలో నిలువనీడ లేనివారైరి. ఇల్లు కాలునప్పుడు అందరికంటె ముందుగా ప్రక్క వీధికి చేరగలిగినది ఎలుకయే అను సంగతి ఆ నాడు ఎవరికిని తోచినట్లు లేదు.

ఆ అధికారులను ఇప్పుడు పరిహసించుట తేలిక. ప్లేగు ఇంటిలోనే ఉన్నదని వారు గ్రహించిరి. అంతవరకు వారి ఊహ సరియైనదే. ఇంటిలో ఎచ్చట ఉన్నది, నేలలోనా, గోడలోనా, గాలిలోనా, బట్టలలోనా అనునదే వారికి తెలియలేదు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకుటకు మరి కొన్ని సంవత్సరములు పట్టినది. ఆ సమాధానము దొరికిన స్థలము భారతదేశము.

1894లో హాంగ్‌కాంగులో ప్లేగు చెలరేగినప్పుడు అలెగ్జాండర్ యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు వ్యాధికారకమైన సూక్ష్మజీవిని కనుగొనెను. జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో కూడ అదే ఊరిలో అదే పనిమీద ఉండెను. చచ్చిపడియున్న ఎలుకలలోను ఆ సూక్ష్మజీవియే ఉన్నట్లు యెర్సిన్ చూచెను. రెండేండ్లు గడచినవి. 1896 సెప్టెంబరులో బొంబాయి రేవుకు చేరువనున్న మాండ్వీ పేటలో అకాషియో వియేగాస్ అను వైద్యుడు కొందరు రోగులను పరీక్షించి, ఇది ప్లేగేనని చెప్పెను. మాండ్వీ ధాన్యపు గిడ్డంగుల పేట. క్రింద బస్తాలు, పైన కాపురములు. అచ్చట మనుష్యుల కంటె ముందుగా ఎలుకలు చచ్చినవి.

ప్రభుత్వము 1897లో అంటువ్యాధుల చట్టము చేసెను. సోల్జర్లు ఇండ్లలో ప్రవేశించి రోగులను ఆసుపత్రులకును, వారి బంధువులను శిబిరములకును తరలించిరి. గోడలకు సున్నము కొట్టించిరి, నేలపై మందునీళ్లు పోయించిరి, సామానులు వీధిలో వేసి కాల్చిరి. జనుల మనస్సులు ఎంతగా నొచ్చెననగా, పూనాలో ఈ చర్యలను నడిపిన రాండ్ అను అధికారిని 1897 జూన్ 22వ తేదీ రాత్రి కాల్చిరి. ఇంత చేసినను ప్లేగు తగ్గలేదు. మందునీటి వలన నేల శుభ్రమయ్యెనేమో కాని, అటక మీది ఎలుకకు దానితో సంబంధము లేదు.

హిమాలయములలోని గఢ్వాలు, కుమావూను కొండపల్లెల వారికి ఈ విషయమున పట్టణపు అధికారులకంటె మంచి అనుభవము ఉండెను. ఇంటిలో ఎలుకలు రాలుట మొదలైనంతనే వారు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసికొని, కొంతకాలము గడచిన తరువాతనే తిరిగి వచ్చెడివారు. కారణము వారికి తెలియదు. కాని ఎలుక చచ్చిన ఇల్లు మనిషిని చంపుననునది వారు తరతరములుగా చూచిన సంగతి.

ఆ కారణమును మొదట పట్టుకొన్నవాడు పాల్ లూయీ సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు. 1898 జూన్ 2వ తేదీన కరాచీలో ఆయన ఒక చిన్న ప్రయోగము చేసెను. ప్లేగుతో చావసిద్ధముగా నున్న ఒక ఎలుకను పెద్ద గాజుపాత్రలో ఉంచెను. దాని శరీరము మీద ఫ్లీలు ఉండెను. ఫ్లీ అనగా ఎలుకల రక్తము పీల్చి బ్రదుకు, రెక్కలు లేని, దూకు స్వభావము గల చిన్న పురుగు. అదే పాత్రలో ఒక ఆరోగ్యవంతమైన ఎలుకను తీగల బోనులో పెట్టి, మొదటి ఎలుకను తాకుటకు వీలులేకుండ వ్రేలాడదీసెను. జబ్బు ఎలుక చచ్చెను. ఫ్లీలు చల్లబడిన శరీరమును విడిచి, వెచ్చని శరీరమును వెదకికొనుచు బోనులోని ఎలుక మీదికి దూకెను. ఐదు దినములకు అదియును ప్లేగుతోనే చచ్చెను. ఫ్లీలు లేని జబ్బు ఎలుకను పెట్టి చూచినప్పుడు రెండవ ఎలుకకు ఏమియు కాలేదు. ఇంత సులభమైన ప్రయోగమును చదివి ఒప్పుకొనుటకు పెద్దలకు మనసు రాలేదు. ఆ కాలమున భారతదేశములో విచారణ జరుపుచున్న ప్లేగు కమిషను ఫ్లీ మాటను త్రోసిపుచ్చెను. ఆ నిర్లక్ష్యపు ఫలితముగా ఏడెనిమిది సంవత్సరములు వృథా అయ్యెను. ఒక్క 1907వ సంవత్సరముననే భారతదేశములో సుమారు 13 లక్షలమంది ప్లేగువలన మరణించిరి.

1905లో ఏర్పడిన మరియొక పరిశోధక సంఘము బొంబాయిలోని పరేలు ప్రయోగశాలలో ఈ విషయమును తిరిగి చేపట్టెను. గ్లెన్ లిస్టన్ అను వైద్యుడు దానిలో ప్రముఖుడు. వారు చేసిన ప్రయోగములలో ఒకటి ఇండ్ల కట్టుబడికి నేరుగా సంబంధించినది. దానిని కొంచెము వివరముగా చెప్పుకొనవలసియున్నది. ప్రయోగము కొరకు వారు చిన్న చిన్న గదులు కట్టించిరి. గోడలు, నేల అన్నియు ఒకే విధము. పైకప్పులు మాత్రము మూడు రకములు. మొదటి రకమునకు నాటు పెంకులు, రెండవదానికి మంగుళూరు పెంకులు, మూడవదానికి ఇనుపరేకులు. కప్పు క్రింద తీగల వల బిగించిరి; కావున కప్పులోని ఎలుక గదిలోనికి దిగజాలదు, కాని ఫ్లీ క్రిందికి పడగలదు. గది నేలపై గినీపందులను విడిచిరి. ఒకదానిపై నొకటి బోర్లించి పరచిన నాటు పెంకుల సందులలో ఎలుకలు ఇష్టముగా కాపురముండెను. ఒకదానికొకటి కొక్కెము వలె తగులుకొనియుండు మంగుళూరు పెంకులలో వానికి అంత చోటు దొరకలేదు. ఇనుపరేకు క్రింద ఏ ఎలుకయు నిలువలేదు. పెంకుటిండ్ల క్రింది గినీపందులకు ప్లేగు వచ్చెను. రేకు క్రింది గినీపందులకు రాలేదు.

మరియొక ప్రయోగములో గినీపందులను బోనులలో పెట్టి, ప్లేగు సోకిన గదిలోనే వేరువేరు ఎత్తులలో వ్రేలాడగట్టిరి. నేలకు రెండు అంగుళముల ఎత్తున ఉన్న జంతువునకు వ్యాధి సోకెను. రెండు అడుగుల ఎత్తున ఉన్నదానికి సోకలేదు. గాలి ఇద్దరికిని ఒకటే. ఫ్లీ దూకగల ఎత్తు మాత్రము కొలది అంగుళములే.

దీనితో వ్యాధి సంగతి ఇంటి సంగతిగా మారెను. ప్లేగు మనిషినుండి మనిషికి వచ్చుట అరుదు. ఎక్కువ భాగము ఎలుక నుండి ఫ్లీ ద్వారా వచ్చును. ఎలుక మనిషితో ఒకే కప్పు క్రింద నిద్రించుచున్నంతకాలము ఫ్లీకి ప్రయాణము సులభము. అందుచేత ఎలుక ఇంటిలోనికి ఎట్లు వచ్చును, వచ్చి ఎచ్చట నిలుచును అను ప్రశ్నలను వైద్యులు వడ్రంగులవలె ఆలోచింపవలసి వచ్చెను.

ఎలుకలన్నియు ఒకటి కావు. ఇంటి ఎలుక ఎక్కుటలో నేర్పరి. గోడలు, త్రాళ్లు, తీగలు, దూలములు దానికి రాజమార్గములు. మురుగుకాలువలలో నుండు నార్వే ఎలుక త్రవ్వుటలో దిట్ట. అది నేలమట్టమున, గోడల పునాదుల వద్ద కలుగులు చేయును. వీనికంటె పెద్దది పందికొక్కు. ఇంగ్లీషువారు ఈ జంతువునకు వాడు బాండికూట్ అను పేరు తెలుగు మాటయే. పందికొక్కు అను పేరే నోరు తిరుగక అట్లైనది. ఆ మాట తరువాత ఆస్ట్రేలియాకు కూడ పోయి, ఎలుక జాతికి ఏ మాత్రము చెందని ఒక సంచి జంతువునకు పేరై కూర్చున్నది. ఇక చుంచెలుక చిన్నది. 6 మిల్లీమీటర్ల సందు, అనగా పెన్సిలు దూరునంత రంధ్రము దానికి చాలును. పెద్ద ఎలుకకు 12 మిల్లీమీటర్లు చాలును. తల పట్టినచోట శరీరము పట్టును. ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును కావున అవి కొరికి అరుగదీసికొనక తప్పదు. కొయ్య, సీసపు గొట్టము, సున్నపు గార దానికి అడ్డుకావు. గట్టి కాంక్రీటు, ఇనుపరేకు, సన్నని గట్టి తీగల వల మాత్రమే అడ్డగింపగలవు.

పూర్వులు ఈ సంగతులను తమకు తెలిసిన రీతిని గమనించియేయున్నారు. ఇంగ్లండులో ధాన్యపు కొట్లను పుట్టగొడుగు ఆకారము గల రాతికంబములపై నిలిపెడివారు. కంబము ఎక్కిన ఎలుక గొడుగు అంచు దాటి పైకి పోలేదు. ఓడను రేవునకు కట్టు త్రాళ్లకు గుండ్రని రేకుబిళ్లలు తగిలించుట కూడ ఆ సూత్రమే. తెలుగువారి ఉట్టియు అటువంటిదే: పాలు, పెరుగు నేలకును గోడకును దూరముగా నడుమ గాలిలో వ్రేలాడును. కాని ఉట్టి ఒక కుండను కాపాడును, గాదెను కాపాడలేదు. వెదురు అల్లి పేడమట్టి పూసిన గాదెలు ఇంటిలోనే, పడకకు బారెడు దూరముననే ఉండెడివి. మాండ్వీ గిడ్డంగికిని, పల్లెలోని వసారాకును ఈ విషయమున భేదము కొలతలోనే కాని స్వభావములో లేదు.

అట్లైనచో ఆంధ్రతీరము, మద్రాసు నగరము బొంబాయి వలె ఎందుకు నాశనము కాలేదని విద్యార్థి అడుగవచ్చును. ఎలుకలకు ఇచ్చటను కొదువ లేదు. దీనికి సమాధానమును కొలంబోలో పనిచేసిన ఫేబియన్ హర్స్ట్ అను వైద్యుడు ఫ్లీలను పోల్చి చూచి చెప్పెను. ఎలుకపై బ్రదుకు ఫ్లీలలో పోలికకు ఒకటిగానే కనిపించు వేరువేరు జాతులు కలవు. బొంబాయిలో మెండుగానున్నది జెనోప్సిల్లా కియోపిస్. మద్రాసులోను, కొలంబోలోను ఎక్కువగా ఉన్నది జెనోప్సిల్లా ఆస్టియా. ఇది ప్లేగును మోయుటలో మొదటిదానికంటె చాల వెనుకబడినది. మీదుమిక్కిలి వేడి తీరప్రాంతమున ప్లేగు నిలుచుట కష్టము. దక్కను పీఠభూమి మీది చల్లని నెలలు దానికి అనుకూలము. తీరవాసుల అదృష్టము వారి శుభ్రతవలన వచ్చినది కాదు, ఒక పురుగు జాతివలన వచ్చినది.

ఎలుకలను చంపిన చాలదా అని తోచుట సహజము. అన్ని దేశములవారును మొదట ఆ దారినే పోయిరి. వానిలో హనోయి నగరపు కథ చెప్పదగినది. ఫ్రెంచివారు ఆ ఊరిలో తమ పేట క్రింద గొప్ప మురుగుకాలువలు కట్టించిరి. అవి ఎలుకలకు కోటలైనవి. 1902లో ఎలుకకు ఇంతయని వెలకట్టి పట్టించుట మొదలిడిరి. ఒక్కొక్క దినమున వేలకొలది, కొన్ని దినములలో ఇరువదివేల వరకు లెక్క వచ్చెను. మొత్తము కళేబరమును తెచ్చుట కష్టమని తోక తెచ్చిన చాలునని సామాన్యులకు కూడ వెసులుబాటు ఇచ్చిరి. కొంతకాలమునకు వీధులలో తోకలు లేని ఎలుకలు తిరుగుట అధికారుల కంటబడెను. తోక కోసికొని ఎలుకను విడిచిపెట్టినచో అది పిల్లలను పెట్టును. ఆ పిల్లలకు మరల తోకలుండును! కొందరు ఊరి అంచున ఎలుకలను పెంచుచున్నట్లును తెలియవచ్చెను. ప్రభుత్వము ఆ బహుమానమును మానుకొనెను.

మోసము లేకున్నను లెక్క కుదరదు. ఎలుక గర్భకాలము మూడు వారములు మాత్రమే. ఒక్కొక్క కాన్పులో అరడజనుకు పైగా పిల్లలు. చచ్చిన ఎలుకల భాగపు తిండి మిగిలిన ఎలుకలకు దక్కును, అవి మరింత వేగముగా వృద్ధి పొందును. తిండియు, గూడును మిగిలియున్నంతవరకు బోనులు, పాషాణము తాత్కాలికములే. ప్లేగు కాలములో మరియొక ప్రమాదము: ఎలుక చచ్చిన పిదప దాని ఫ్లీలు ఆకలితో మనిషిని వెదకును.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరము ఈ పాఠమును రెండు విడతలుగా నేర్చుకొనెను. 1900 మార్చిలో అచ్చటి చీనావారి పేటలో ప్లేగు కనిపించినప్పుడు రాష్ట్రపు గవర్నరే అట్టిది లేదని వాదించెను; వర్తకము దెబ్బతినునని భయము. నాలుగేండ్లలో 121మందికి వ్యాధి సోకి వారిలో అత్యధికులు చనిపోయిరి. రూపర్ట్ బ్లూ అను వైద్యుడు చివరికి ఆ పేటలోని కుళ్లిన చెక్కవసారాలను ఊడదీయించి, నేలమాళిగలకు కాంక్రీటు చేయించెను. 1906లో భూకంపము నగరమును కూల్చెను. పగిలిన మురుగుకాలువల నుండి ఎలుకలు పైకి వచ్చెను. నిరాశ్రయులు గుడిసెలలో వంటలు చేసికొనుచుండిరి. 1907లో ప్లేగు తిరిగి వచ్చెను. ఈ మారు రోగులలో అత్యధికులు తెల్లవారు. మొదటిసారి ఆ వ్యాధి చీనావారి జాతిలోనే ఉన్నదని చెప్పినవారికి ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు. బ్లూ మరల పిలువబడెను. బోనులు, పాషాణముతో పాటు ఆయన గుర్రపుశాలల నేలలు, కోళ్లగూళ్లు, మాంసపు దుకాణములు, చెత్తడబ్బాల మూతలు అన్నిటిపై కన్నుంచెను. గుడిసెలను నేల నుండి పైకెత్తించెను. 1908 నాటికి వ్యాధి తగ్గిపోయెను. కాంక్రీటు కొనగలిగిన ఊరు గనుక అది సాధ్యమయ్యెను.

కాంక్రీటు కొనలేనివారు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న జావా దీవిలో ఎదురయ్యెను. అప్పుడు జావా డచ్చివారి పాలనలో ఉండెను. 1910లో అచ్చట వరిపంట తక్కువ కాగా రంగూను నుండి బియ్యము తెప్పించిరి. రంగూనులో 1905 నుండి ప్లేగు ఉండెను. ఆ రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలిచేయువారిలో తెలుగువారు చాలమంది. వారిని అచ్చట కోరంగీలనెడివారు. ఆ బస్తాలను ఓడలకెత్తిన భుజములలో గోదావరి, విశాఖ మండలముల వారివి కొన్ని ఉండియుండును. బియ్యముతోపాటు ఎలుకలు, ఫ్లీలు సురబాయా రేవున దిగి, రైలుమార్గమున చల్లని కొండప్రదేశమైన మలాంగ్‌కు చేరెను. 1911 మార్చిలో అది ప్లేగని నిర్ధారణ అయ్యెను.

ప్రభుత్వము మొదట తనకు తెలిసిన పనులే చేసెను. పల్లెలను ఖాళీ చేయించిరి, కప్పులు ఊడబీకిరి, కొన్ని ఇండ్లను కాల్చిరి. రోగుల మధ్యకు పోవుటకు వైద్యులు కావలసివచ్చిరి. స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారిలో త్జిప్తో మంగున్‌కుసుమో అను జావా వైద్యుడు ఒకడు. ఒక గుడిసెలో కుటుంబమంతయు చనిపోగా మిగిలిన పసిపాపను ఆయన తెచ్చి పెంచుకొనెను. ఆమెకు పెస్‌జాతి అని పేరు పెట్టెను. పెస్ అనగా ప్లేగు. డచ్చి ప్రభుత్వము ఆయన సేవకు మెచ్చి రాజపతకము నిచ్చెను. ఆయన జాతీయవాది, రాజకీయపక్ష స్థాపకులలో ఒకడు. అందుచే కొంతకాలము దేశబహిష్కృతుడయ్యెను. తరువాత సోలో ప్రాంతమున ప్లేగు పుట్టినప్పుడు పనిచేయుటకు అనుమతి కోరగా ప్రభుత్వము నిరాకరించెను. ఆయన పతకమును తిరిగి ఇచ్చివేసెను.

ఈలోగా ద వోగెల్, వాన్ లోగెం మొదలైన వైద్యులు రోగుల ఇండ్లను విప్పి చూడసాగిరి. జావా రైతు ఇంటిలో సర్వమును వెదురే. గుంజలు వెదురు, వాసములు వెదురు, గోడలు వెదురు తడికలు, పండుకొను మంచె కూడ వెదురే. కప్పు గడ్డి లేక ఆకు. వెదురు చవుక, తేలిక, భూకంపమునకు ఓర్చును, పెరటిలోనే పెరుగును. కాని వెదురు లోపల గుల్ల. నరికిన కొన తెరచియున్నచో అది ఒక గొట్టము. లోపలి అడ్డుగోడను, అనగా కణుపును, కొరికినచో ఎలుకకు గదులు గల ఇల్లు. వైద్యులు వాసములను నిలువున చీల్చినప్పుడు వానిలో గూళ్లు, పిల్లలు, ఎండిన కళేబరములు బయటపడెను. మంచె క్రింది వెదురు బొంగులోనే ఎలుక చచ్చియుండుటయు కలదు. పైన మనిషి నిద్రించుచుండును. ఫ్లీకి దాటవలసిన దూరము జానెడైనను లేదు. రెండు వరుసల తడికగోడల నడిమి సందు, గడ్డికప్పు లోపలి పొర, ఇట్టివన్నియు ఎలుకకు నివాసములే. ఆ ఇంటికి ఎలుకలు బయటనుండి వచ్చుట లేదు. ఇల్లే ఎలుకల పుట్ట.

అందుచే జావాలో అవలంబించిన మార్గము ఎలుకను చంపుట గాక గూటిని తొలగించుట. వెదురు గుంజల స్థానమున కొయ్య నిలిపిరి. వెదురు వాడినచోట దాని కొనలు మూయబడవలెనని నియమము పెట్టిరి. గడ్డి తీసివేసి పెంకులు పరపించిరి. జంటగోడలను ఒంటిగోడలు చేయించిరి. వెలుతురు లోనికి వచ్చునట్లు కిటికీలు పెట్టించిరి. ఎలుక వెలుతురును కోరదు, వెలుతురున్నచో తనిఖీ చేయువానికి కన్నము కనబడును. నియమమును తేలికగా ఒక్క మాటలో చెప్పవచ్చును: కంటికి కనిపించని, చేతికి అందని గుల్ల చోటు ఇంటిలో ఎచ్చటను ఉండరాదు. పెంకులలోను చిక్కులేకపోలేదు, కొప్పు దగ్గర పెంకులు రెండు వరుసలుగా పడినచోట ఎలుకలు మరల గూళ్లు కట్టెను. అందుచేత కొప్పు కట్టుబడిని కూడ మార్చవలసివచ్చెను. పరేలు గదులలో గినీపందులు చెప్పిన పాఠమే ఇది.

చెప్పుట తేలిక. పెంకుల వెల, కొయ్య వెల ఎవరు భరింపవలెను? ప్రభుత్వము అప్పుగా సామాను ఇచ్చి, వాయిదాలమీద వసూలు చేసెను. అనగా ఇల్లు కూలగొట్టినది ప్రభుత్వము, అప్పుతీర్చినది రైతు. పెరటిలోని వెదురుతో ఇరుగుపొరుగు సాయమున ఇల్లు కట్టుకొనువాడు ఇప్పుడు వడ్రంగికిని, పెంకుల బట్టీకిని ఋణపడెను. పని జరుగుచున్న దినములలో కుటుంబము తాత్కాలికపు పాకలలో ఉండవలెను. ఇల్లు తయారైన తరువాతను తనిఖీదారులు వచ్చి సామానులు బయట పెట్టించి చూచెడివారు. జనములో అసంతృప్తి సహజముగనే పెరిగెను. ఆ కాలపు జాతీయోద్యమమున ఈ మొర వినిపించెను. ఆరోగ్యము కొరకు చేసిన పనియే అయినను, అడుగక చేసిన పని, పేదవాని ఖర్చుతో చేసిన పని మొరకు కారణము కాకుండుట ఎట్లు?

పని మాత్రము ఆగలేదు. ప్లేగు తూర్పు జావా నుండి మధ్య జావాకు, అటనుండి పడమటి కొండలకు ప్రాకుచుండగా ఇండ్ల మరమ్మతు దాని వెంబడిని నడచెను. ముప్పది సంవత్సరములలో సుమారు 15 లక్షల ఇండ్లు ఈ విధముగా మార్చబడెను. ఎలుకను ఇంటినుండి దూరము చేయుటకు ఇంత పెద్ద ప్రయత్నము చరిత్రలో అరుదు. ఐనను 1911 నుండి 1939 వరకు ఆ దీవిలో రెండు లక్షలకు పైగా జనులు ప్లేగుతో మరణించిరి. 1934లోనే ఇరువది వేలమందికి పైగా చనిపోయిరి. వడ్రంగుల కంటె ప్లేగు వేగముగా నడచినది.

ఆ సంవత్సరముననే బాండుంగులోని పాస్టర్ సంస్థలో లూయీ ఆటెన్ అను శాస్త్రజ్ఞుడు బ్రదికియున్న, కాని వ్యాధి కలిగింపజాలని ప్లేగు సూక్ష్మజీవులతో టీకా తయారుచేసెను. ఆ సూక్ష్మజీవులు త్జివిడై అను ఊరి ఎలుకలో దొరకినవి. టీకా వేసినవారిలో మరణములు బాగుగా తగ్గుటతో లక్షలాదిమందికి దానిని వేసిరి. తరువాతి సంవత్సరములలో ప్లేగు వేగముగా తగ్గుముఖము పట్టెను. దానికి టీకా కారణమా, ఇండ్లు కారణమా, వ్యాధి తానే అలసిపోయినదా అను వాదము తెగలేదు. టీకా రక్షణ కొంతకాలమునకు తగ్గును, పెంకుటిల్లు మాత్రము నిలుచును. కాని పెంకుటింటి కొరకు సంవత్సరములు వేచియుండుట కంటె, వ్యాధి గుమ్మములో నున్నప్పుడు టీకాయే మేలు. రెండింటిని ఎదురెదురుగా నిలిపి తూచుట అంత సబబు కాదు.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత డి.డి.టి. ఫ్లీలను చంపుటకు వచ్చెను; స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు రోగిని బ్రతికించుటకు వచ్చెను; 1950 ప్రాంతమున వార్ఫరిన్ అను కొత్త ఎలుకమందు వచ్చెను. ఎలుక దానిని పలుమార్లు తిని, రక్తము గడ్డకట్టక, అనుమానము లేకుండ చచ్చును. ఇక ఇండ్ల గొడవ అక్కరలేదని కొందరు తలంచిరి. 1958లోనే స్కాట్లండులో వార్ఫరిన్‌కు లొంగని ఎలుకలు కనబడెను. డి.డి.టి.కి తట్టుకొను ఫ్లీలును పుట్టెను. కాంక్రీటుకు తట్టుకొను ఎలుక మాత్రము ఇంతవరకు పుట్టలేదు.

1993 సెప్టెంబరులో మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతమున భూకంపము వచ్చెను. భయపడిన జనులు చుట్టుప్రక్కల పల్లెలలోను పగిలిన ఇండ్లను, వానిలో నిలువచేసిన ధాన్యమును విడిచి పాకలలో ఉండిరి. ఆ ఖాళీ ఇండ్లలో ఎలుకలు విపరీతముగా పెరిగెను. 1994లో బీడు జిల్లాలోని మామ్లా అను పల్లెలో మొదట ఎలుకలు రాలెను, ఫ్లీలు బెడద అయ్యెను, పిదప రోగులు కనిపించిరి. ఆ సెప్టెంబరులోనే సూరతు నగరమున ఊపిరితిత్తుల ప్లేగు వార్త వినబడి లక్షలమంది ఊరు విడిచి పారిపోయిరి. శాన్ ఫ్రాన్సిస్కోలో 1906 భూకంపము తరువాత జరిగిన దానికిని, దీనికిని పోలిక చదువరులు గమనింతురు.

జావాలోను ప్లేగు పూర్తిగా పోలేదు. 1968లో మెరాపి అగ్నిపర్వతపు సానువులలోని బోయోలాలి ప్రాంతమున అది మరల కనిపించెను. అటుపిమ్మట ఆ కొండపల్లెలలో ఆరోగ్యశాఖవారు రాత్రివేళ ఇండ్లలోను పొలములలోను బోనులు పెట్టి, ఉదయమున చిక్కిన ఎలుకల వెండ్రుకలు దువ్వి, ఎలుక ఒక్కింటికి ఫ్లీలు ఎన్ని యున్నవో లెక్క వ్రాసికొనుట పరిపాటి అయ్యెను.